ఉమ్మడి బల్లకు చేవ ఎక్కడిది?

దిల్‌సుఖ్‌నగర్ కోలాహలము ఇంకను మేల్కొనక మునుపు, తెలతెలవారుచుండగా, చైతన్యపురి కాలనీల లోపలి వీధులలో నడచు అలవాటు నాకు కలదు. ఆ వీధుల నడుమ ఒక చిన్న పార్కు ఉన్నది. నాలుగు వేపచెట్లు, రెండు కానుగచెట్లు, వాని చుట్టును సిమెంటు నడకదారి. దారి ప్రక్కన కూర్చుండుటకు నాలుగు బల్లలు వేసియున్నారు. వేసిన క్రొత్తలో అవి చూడముచ్చటగా ఉండెడివి. ఇప్పుడు మొదటిదానికి వీపు పలక లేదు. రెండవదాని ఇనుపకాలు త్రుప్పు తిని ఒక ప్రక్కకు ఒరిగినది. మూడవది చెట్టునీడకు దూరముగా ఎండలో నున్నది. వేసవిలో ప్రొద్దెక్కిన పిమ్మట దానిపై చేయి పెట్టుటకైనను వీలుకాదు. నాలుగవది మాత్రమే సరిగా నిలిచియున్నది. దానికొరకు పదిమంది వేచియుందురు.

కొన్నాళ్ల క్రిందట ఒక పెద్దమనిషి నడక మధ్యలో ఆగి, బల్ల దొరకక, పార్కు గోడకు చేయి ఆనించి నిలుచుండెను. ఆయన ముప్పది యేండ్లు పిల్లలకు లెక్కలు చెప్పి ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. నన్ను చూచి నవ్వి, "నడవమని డాక్టరుగారు చెప్పారండీ. మధ్యలో ఎక్కడ కూర్చోవాలో మాత్రం చెప్పలేదు" అనెను. ఆ మాట ఆయన హాస్యముగానే అనినను నా మనస్సున నాటుకొన్నది. తరువాత ఆయన పార్కునకు వచ్చుట మానుకొనెను. ఇంటి వరండాలోనే అటునిటు పచార్లు చేయుచున్నాడని విన్నాను. ఒక పలక ఊడినందున ఒక మనుష్యుడు నలుగురికి దూరమయ్యెను.

ఆ పార్కునకు వచ్చువారు వృద్ధులు మాత్రమే కారు. పోటీ పరీక్షల శిక్షణకై జిల్లాలనుండి వచ్చి దిల్‌సుఖ్‌నగర్ చుట్టుప్రక్కల ఇరుకు గదులలో, హాస్టళ్లలో నివసించు యువతీ యువకులు ఎందరో కలరు. వారికి గదిలో గాలి చాలదు. చదువుకొనుటకు చెట్టునీడ కావలెను. వారు పుస్తకము మోకాళ్లపై పెట్టుకొని నేలమీద కూర్చుండి చదువుకొనుట నేను ప్రతిదినము చూచుచున్నాను. కావున తోటలో కూర్చుండు బల్ల విలాసవస్తువని ఎవరైన అనినచో నేను అంగీకరింపను. ఇంటికి గడప ఎంత అవసరమో, ఊరికి కూర్చుండు చోటు అంత అవసరము.

ఈ పార్కునకు కొలది దూరములోనే, మూసీనది ఒడ్డున, కోసగుండ్ల నరసింహస్వామి ఆలయమున్న గుట్ట కలదు. అచ్చటి బండమీద ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో చెక్కిన శాసనమొకటి ఉన్నది. అది బౌద్ధ భిక్షువులు నివసించిన గోవిందరాజ విహారమును పేర్కొనును. అది విష్ణుకుండినుల కాలమునాటిదనియు, హైదరాబాదు నగర ప్రాంతమున లభించిన శాసనములలో మిక్కిలి ప్రాచీనమైనదనియు చరిత్రకారులు చెప్పుదురు. సుమారు పదునైదు వందల యేండ్ల ఎండయు వానయు ఆ అక్షరములను తుడిచివేయలేకపోయినవి. ఊరు ఒక్కటే, ఎండ ఒక్కటే, వాన ఒక్కటే. ఒకచోట చెక్కిన వ్రాత శతాబ్దులు దాటి నిలిచినది. మరియొకచోట మనము వేసిన బల్ల నాలుగు వర్షాకాలములకైనను నిలువలేదు.

రాయి గొప్పది, కొయ్య అల్పమైనది అని చెప్పుటకు ఈ మాట ఎత్తలేదు. అక్షరము నిలువవలెనని కోరినవాడు అది నిలుచు చోటును, నిలుచు పదార్థమును ముందుగా ఆలోచించెను. మనము బల్లను కొనునప్పుడు దాని రంగును, దానిపై చెక్కించవలసిన పేరును ఆలోచించుచున్నాము. తేడా అచ్చటనే మొదలగుచున్నది.

తోటలో కూర్చుండు బల్ల పాశ్చాత్యుల నుండి వచ్చినదని కొందరి అభిప్రాయము. పేరు అట్లు వచ్చియుండవచ్చును గాని, వస్తువు మనకు క్రొత్తది కాదు. మన పల్లెలలో రావిచెట్టు క్రిందనో వేపచెట్టు క్రిందనో వెలసిన రచ్చబండ ఏమి? ఇంటి ముందు బాటసారి కొరకు కట్టిన వీధి అరుగు ఏమి? అవి మన ఊరుమ్మడి బల్లలు. తగవు తీర్చుట, ఉత్తరము చదివించుకొనుట, పురాణము వినుట, ఊరక కూర్చుండుట, అన్నియు వానిమీదనే జరిగెడివి. వానిని తయారుచేసిన వారు శాస్త్రగ్రంథములు చదివినవారు కారు. అయినను మూడు విషయములు వారికి బాగుగా తెలియును. మొదటిది, నీడ లేనిచోట ఆసనము వేయరాదు. రెండవది, ఆ ఊరిలో దొరకు పదార్థమునే వాడవలెను. చెడిపోయినప్పుడు ఆ ఊరి పనివాడే బాగుచేయగలుగవలెను. మూడవది, దానిని ఊడ్చి అలుకువారు ఎవరో ముందుగానే నిశ్చయమై యుండవలెను. అరుగును ఆ ఇంటి ఇల్లాలు అలికెడిది. రచ్చబండను ఊరివారు కనిపెట్టియుండెడివారు.

నేడు చైతన్యపురి వంటి ప్రాంతములలో వీధి అరుగు దాదాపుగా అంతరించినది. ఎల్.బి. నగర్ మునిసిపాలిటీ 2007లో మహానగర సంస్థలో విలీనమైనది; 2018 సెప్టెంబరులో మెట్రో రైలు ఈ దారిన నడువసాగెను. ఒకనాటి ఒంటి అంతస్తు ఇండ్లున్న చోట్ల బహుళాంతస్తుల భవనములు లేచినవి. వాని ముందు వాహనములకు చోటున్నది గాని, మనుష్యుడు కూర్చుండుటకు చోటు లేదు. కావున పార్కులోని బల్లయే మనకు మిగిలిన కడపటి అరుగు. దానిని పోగొట్టుకొన్నచో మరియొకటి లేదు.

"ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చింది" అని మన పెద్దలు సామెత చెప్పిరి. నలుగురి సొత్తు ఎవరి సొత్తును కాదని దాని భావము. మన పార్కుబల్లలు ఉమ్మడి గొర్రెలైనవి. వానికి యజమానులు వేలమంది. కాపరి ఒక్కడును లేడు. బల్ల చెడుటకు ఎండ వానల కంటె ఇదియే పెద్ద కారణమని నా నిశ్చితాభిప్రాయము. అయినను కాపరి ఉన్నంత మాత్రమున చాలదు. చెడ్డ ఎన్నికను మంచి పోషణ కాపాడలేదు. మంచి ఎన్నికను పోషణలేమి చెరచును. అందుచేత రెండింటిని గురించియు కొంత వివరముగా చెప్పుట అవసరము.

ముందుగా ఎన్నిక. బల్లను కొనువారు, పాఠశాల ఆవరణకు గాని, కాలనీ పార్కునకు గాని, సొంత పెరటికి గాని, మూడు ప్రశ్నలు వేసికొనవలెను. దీనిపై ఎవరు కూర్చుందురు? ఇది ఎచ్చట ఉండును? దీనిని ఎవరు చూచుకొందురు? ఈ మూడింటికిని జవాబు దొరకిన పిమ్మటనే ధర అడుగవలెను.

పెద్దవారు కూర్చుండు బల్ల ఎత్తు సుమారు 45 సెంటీమీటర్లు ఉండవలెను. అంతకంటె మిక్కిలి తక్కువైనచో మోకాళ్ల నొప్పులవారు లేవలేరు. చేతులు ఆనించుకొని లేచుటకు ఇరుప్రక్కల ఊతము ఉండుట మంచిది. చిన్నతరగతుల పిల్లలకు 30 నుండి 35 సెంటీమీటర్ల ఎత్తు చాలును. కూర్చుండు పలకలో సన్నని ఎడములు విడిచినచో వాననీరు నిలువదు. నీరు నిలిచిన చోటనే కొయ్యకు కుళ్లు, ఇనుమునకు త్రుప్పు, రాతికి పాచి పట్టును. ఏ పదార్థమునకైనను మొదటి శత్రువు నిలిచిన నీరని గుర్తుంచుకొన్నచో సగము శాస్త్రము తెలిసినట్లే.

కొయ్యలలో టేకునకు మించినది ఆరుబయట వాడుకకు దొరకుట అరుదు. ఇది మన ఆదిలాబాదు అడవులలోను, గోదావరి తీరపు అడవులలోను సహజముగా పెరుగు చెట్టు. ఆంగ్లేయులు దానికి పెట్టుకొన్న పేరు కూడ మన ద్రావిడ భాషల మాటయే. మలయాళమునుండి పోర్చుగీసువారి ద్వారా వారికి చేరినది. ఈ కొయ్యలోని సహజమైన నూనెలు చెదపురుగును, బూజును దరిచేరనీయవు. దీనికి గొప్ప సాక్ష్యము ఒకటి కలదు. 1817లో బొంబాయి ఓడల కర్మాగారమున మలబారు టేకుతో కట్టిన ట్రింకోమలీ అను యుద్ధనౌక నేటికిని ఇంగ్లండులోని హార్టిల్‌పూల్ రేవున నీటిమీద తేలుచున్నది. విరిచివేసిన పాతనౌకల టేకుపలకలతో తోటబల్లలు చేసి అమ్మిన వ్యాపారులు కూడ ఒకనాడు లండనులో ఉండిరి. మన అడవి చెట్టు సముద్రమునే తట్టుకొన్నది. చైతన్యపురి వానను తట్టుకొనలేదా?

అయితే ఒక హెచ్చరిక. టేకు అను పేరు చాలదు. అందులో చేవ ఉండవలెను. చెట్టు నడిబొడ్డున గట్టిపడిన ముదురురంగు భాగమే చేవ. బెరడునకు దగ్గరగా నుండు తెల్లని భాగమునకు ఆ గుణము లేదు. చెదలు దానిని సుఖముగా తినును. లేతచెట్ల కొయ్యలో చేవ తక్కువ. కావున కొనువారు పలక అంచులను పరిశీలించి, తెల్లని చారలు మెండుగా ఉన్నచో విడిచిపెట్టవలెను. మన భాషలో "చేవగల మనిషి" అని అనుచున్నాము గదా! ఆ మాట వడ్రంగి కొట్టులో పుట్టి, మనుష్యుల గుణమును కొలుచుటకు వచ్చినది.

టేకునకు వెచ్చించలేనివారు నిరాశ చెందనక్కరలేదు. నల్లమద్ది, వేగిస వంటి కొయ్యలు మన వడ్రంగులకు చిరపరిచితములు. నల్లతుమ్మతో బండిచక్రములు, నాగళ్లు చేసిన దేశము మనది. ఏ కొయ్యనైనను బాగుగా ఆరిన తరువాతనే వాడవలెను; పచ్చికొయ్య ఆరుచు వంగును, పగులును. అతుకులను మేకులతో కొట్టిన బల్ల కంటె, ఒక కొయ్య కొనను చెక్కి మరియొక కొయ్య రంధ్రమున బిగించిన బల్ల ఎక్కువ కాలము నిలుచును. మర బిగింపులు వాడవలసినచో ఇత్తడివి గాని, త్రుప్పుపట్టని ఉక్కువి గాని వాడవలెను. మామూలు ఇనుపమేకు కొయ్యలో త్రుప్పుపట్టి, చుట్టును నల్లమరక చేసి, కడకు కొయ్యనే చీల్చును.

రాతిబల్ల మన ప్రాంతమునకు అన్నివిధముల తగినది. తాండూరు బండ, షాబాదు బండ, కడప బండ, నల్లరాయి ఇవన్నియు మన అందుబాటులో నున్నవి. రాతికి చెదలు లేదు, త్రుప్పు లేదు. కాని భౌతికశాస్త్రము చెప్పు ఉపాధ్యాయులు ఒక సంగతి పిల్లలకు చూపవచ్చును. రాయి నొక్కుడు బలమును అపారముగా భరించును. సాగదీయు బలమును భరింపలేదు. పొడవైన పలకను రెండు కొనలయందు మాత్రమే నిలిపి నడుమ నలుగురు కూర్చున్నచో, పలక అడుగుభాగము సాగి, నడిమికి విరుగును. ఆధారములను కొనలనుండి కొంత లోపలికి జరిపినచో ఈ ప్రమాదము తగ్గును. తాండూరు, షాబాదు, కడప బండలు సున్నపురాతి జాతివి. వానిని ఆమ్లముతో కడుగరాదు. నిమ్మరసము ఒలికినను మచ్చపడును. నల్లరాతికి ఆ భయము తక్కువ.

సిమెంటుబల్ల చవుక, చేయుటయు సులభము. కాని దాని ప్రాణము లోపలి ఇనుపచువ్వలో నున్నది. చువ్వపై తగినంత మందమున సిమెంటు లేనిచో తేమ లోనికి పోవును. ఇనుము త్రుప్పుగా మారినప్పుడు దాని పరిమాణము పెరుగును. పెరిగిన త్రుప్పు లోపలినుండి సిమెంటును బ్రద్దలుకొట్టును. బల్ల అంచులు పెచ్చులూడి చువ్వలు బయటపడుట మనమెరిగిన దృశ్యమే. పోసిన తరువాత కనీసము వారము దినములు తడుపకపోవుట కూడ దాని ఆయువును తగ్గించును. నీరు పోయుటకు ఖర్చు లేదు. ఓపిక మాత్రమే కావలెను.

ఇనుపబల్ల మంచిదే, రంగు ఉన్నంతవరకు. గొట్టపు ఇనుముతో చేసినదైనచో గొట్టముల కొనలు మూసియుండవలెను. అడుగున నీరు కారుటకు చిన్న రంధ్రముండవలెను. లేనిచో పైకి నిగనిగలాడుచు లోపల కుళ్లిపోవును. జింకు పూత పూసిన ఇనుము మరింత మేలు. అయితే చెట్టునీడ లేనిచోట ఇనుపబల్లను వేయరాదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన సామెత. రోళ్లు పగులు ఎండలో ఇనుపపలకపై కూర్చుండువాడెవడు?

ఇక ప్లాస్టిక్ కుర్చీ. ఇది తేలిక, చవుక, ఇంటింట కలదు. సభలకు, పెండ్లిండ్లకు దాని ఉపయోగమును కాదనను. కాని సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణములు దాని అణువుల గొలుసులను త్రెంచును. అది క్రమముగా రంగు వెలిసి, పెళుసై, ఒకనాడు కూర్చున్నవానితో కూడ విరుగును. విరిగిన పిమ్మట దానిని బాగుచేయు వృత్తి లేదు. కొయ్యకు వడ్రంగి, ఇనుమునకు కమ్మరి, రాతికి శిల్పి ఉన్నారు. ప్లాస్టిక్ కుర్చీకి చెత్తకుప్ప మాత్రమే ఉన్నది.

ధర విషయమున ఒక చిన్న లెక్క చేయుదము. ఇవి అంగడి ధరలు కావు; విద్యార్థులు తమ ఊరి ధరలు తెలిసికొని లెక్క సరిచేసికొనవలెను. ఒక ప్లాస్టిక్ కుర్చీ 900 రూపాయలనుకొందము. ఎండలో మూడేండ్లు నిలిచినదనుకొందము. ముగ్గురికి మూడు కుర్చీలు, 2,700 రూపాయలు. అనగా ఏడాదికి 900. ముగ్గురు కూర్చుండు మంచి కొయ్యబల్ల 15,000 రూపాయలనుకొందము. పోషణతో 25 ఏండ్లు నిలిచినచో ఏడాదికి 600. ఏటేట పోషణకు 200 కలిపినను 800 మాత్రమే. చవుక అనుకొన్నదే ప్రియమైనది. అయితే ఆ 200 రూపాయలు ఖర్చుపెట్టక బల్ల ఎనిమిదేండ్లకే కూలినచో ఏడాదికి 1,875 అగును. అప్పుడు ప్లాస్టిక్ కుర్చీయే మేలు! కావున ఖరీదైన బల్లను కొనుట వివేకము కాదు. కొన్నదానిని నిలుపుకొనుటయే వివేకము.

ఆ నిలుపుకొను విధానము కష్టమైనది కాదు. మన వ్యవసాయదారుడు కార్తెలనుబట్టి పనులు చేసినట్లు, బల్లకు కూడ ఏడాదిలో రెండు దినములు కేటాయించిన చాలును. మొదటిది మృగశిర కార్తెకు ముందు, అనగా జూను మొదటివారములోపల. వర్షములు వచ్చుటకు మునుపు వదులైన మరలు బిగించవలెను. ఇనుముపై రంగు లేచినచోట ఉప్పుకాగితముతో త్రుప్పును మెరుగుపడువరకు రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి, అది ఆరిన పిమ్మట రెండు పూతలు రంగు వేయవలెను. త్రుప్పుపై రంగు వేయుట గాయమును కడుగక కట్టు కట్టుట వంటిది. కొయ్యబల్ల కాళ్లు మట్టిలో దిగియున్నచో వెంటనే తీసి, రాతిపలకమీదనో ఇటుకలమీదనో నిలుపవలెను. చెదలు నేలనుండియే వచ్చును. కొయ్య కొనలు నీటిని పీల్చినంతగా ప్రక్కలు పీల్చవు. సిమెంటుబల్లలో వెంట్రుకవాసి పగులు కనబడినను అప్పుడే పూడ్చవలెను.

రెండవదినము దసరా. ఆయుధపూజనాడు మనము సైకిలును, కుట్టుమిషనును, కత్తిని, కలమును తుడిచి బొట్టుపెట్టుచున్నాము. ఏడాది పొడుగున మనలను మోసిన బల్లను ఏల మరచితిమి? వర్షములు తగ్గిన ఆ దినములలో కొయ్యబల్లను మెత్తని కుంచెతో, సబ్బునీటితో, కొయ్య నారవెంట రుద్ది కడుగవలెను. టేకు కొంతకాలమునకు బూడిదరంగు తిరుగును. దానిని చూచి భయపడరాదు. అది పైపై మార్పే గాని బలహీనత కాదు. నిగారింపునకై వార్నిషు పూసినచో, ఆరుబయట ఎండకు అది పొరలు పొరలుగా లేచిపోవును. పొరక్రింద తేమ చేరి కొయ్యను చెరచును. ఆరుబయట టేకునకు శుభ్రతయే పూత.

వెదురు, పేము కుర్చీలు వరండాకు మాత్రమే తగినవి. వానిని వానలో విడుచుట అన్యాయము. వెదురును ముదిరిన తరువాత కోసి, కొన్ని వారములు నీటిలో నానవేసినచో, పురుగులకు ఆహారమగు పిండిపదార్థము కరిగిపోవును. ఇది మన మేదరులు ఎరిగిన విద్య.

ఇతర దేశములవారు ఉమ్మడి బల్లను ఎట్లు కాపాడుకొనుచున్నారో కూడ చూడదగును. పారిస్‌లోని లక్సెంబర్గ్ ఉద్యానమున 1923 నుండి ఆకుపచ్చని లోహపు కుర్చీలు వాడుకలో నున్నవి. అవి నేలకు బిగించినవి కావు. ఎవరికి ఇష్టమైన చోటికి వారు జరుపుకొందురు. న్యూయార్క్ సెంట్రల్ పార్కులో దాదాపు 10,000 బల్లలు కలవు. అచ్చట 1986 నుండి ఒక ఏర్పాటున్నది. విరాళమిచ్చినవారి మాటను బల్లపై చిన్న ఫలకమున చెక్కుదురు. ఆ ధనము పార్కు పోషణకు ఉపయోగపడును. విలియం వైట్ అను పరిశీలకుడు అదే నగరమున జనులు కూర్చుండు చోట్లను ఏండ్లతరబడి పరిశీలించి 1980లో ఒక గ్రంథము ప్రకటించెను. కూర్చుండుటకు చోటున్నచోటనే జనులు కూర్చుందురని ఆయన తేల్చిన విషయము. వినుటకు ఇది చిన్నపిల్లల మాటవలె నున్నది. కాని ఎన్ని నగరములు ఈ చిన్నమాటను మరచినవో!

మన దేశమున కూడ దాతలు లేకపోలేదు. "ఫలానావారి జ్ఞాపకార్థము" అని చెక్కిన సిమెంటుబల్లలు ప్రతి గుడిముందు, ప్రతి బస్సుస్టాపులో కలవు. తనయుడు, తటాకము, కావ్యము, నిధానము, ఆలయము, వనము, భూదేవస్థాపనము అని సప్తసంతానములను చెప్పిన జాతి మనది. వనమును నాటించుట సంతానముతో సమానమైనచో, ఆ వనములో అలసినవానికి ఆసనము వేయుట కూడ ఆ పుణ్యములో పాలుపంచుకొనును. నా మనవి ఒక్కటే. సంతానమును కని విడిచిపెట్టు తండ్రిని లోకము మెచ్చదు. బల్లను దానము చేయు మహాశయులు దాని ధరలో పదవవంతు పోషణకు కూడ కేటాయించి, ఆ బాధ్యతను ఒకరికి అప్పగించినచో, చెక్కించిన పేరునకు గౌరవము దక్కును. విరిగిన బల్లమీద పితృదేవతల పేరు చదువుట ఎవరికి సంతోషము?

దీనికి రెండు ఆక్షేపణలు రాగలవు. "మేము పన్ను కట్టుచున్నాము, ఇది నగరపాలకుల పని" అని కొందరందురు. నిజమే. మంచి బల్లలు కొనుట, నీడలో వేయుట, పెద్ద మరమ్మతులు చేయించుట వారి విధి. వారిని నిర్భయముగా అడుగవలెను. కొనకముందే ఏ పదార్థమని అడుగవలెను. కాని వదులైన మర ఒకటి బిగించుటకు దరఖాస్తు వ్రాసి, అది బల్లలు దాటి బల్లలు తిరుగువరకు వేచియున్నచో, పార్కులోని బల్ల కూలిపోవును. పన్ను కట్టుట పౌరుని బాధ్యతలో మొదటి మెట్టు గాని కడపటిది కాదు.

"బల్లలు వేసినచో పనిలేనివారు చేరి అల్లరి చేయుదురు, తీసివేయుటయే మేలు" అని మరికొందరి వాదము. ఈ వాదము నాకు మిక్కిలి బాధ కలిగించును. అల్లరివాడు గోడనెక్కియైనను కూర్చుండును. గోడనెక్కలేనివారు వృద్ధులు, గర్భిణులు, బిడ్డనెత్తుకొన్న తల్లులు. బల్లను తీసివేసినచో శిక్ష పడునది వారికి. మంచివారు నిండుగా కూర్చుండు చోట అల్లరి తనంతట తానే తగ్గును.

ఇప్పుడు ఉపాధ్యాయ సోదర సోదరీమణులకు నా విజ్ఞప్తి. రవీంద్రనాథ ఠాకూరు 1901లో శాంతినికేతనమున పాఠశాల స్థాపించినప్పుడు చెట్లనీడనే తరగతి గదిగా చేసెను. నేటికిని అచ్చట చెట్లక్రింద పాఠములు జరుగుచున్నవి. మన పాఠశాలలలో కూడ ఒక వేపచెట్టో కానుగచెట్టో లేకపోదు. దాని క్రింద ఒక బల్లయో అరుగో లేకపోదు. ప్రతి తరగతికి ఒక బల్లను అప్పగింపుడు. దానికొక చిన్న నోటుపుస్తకము పెట్టింపుడు. ఎప్పుడు వచ్చినది, ఏ కొయ్య, ఏ రాయి, ఎప్పుడు రంగు వేసిరి, ఏ మర వదులైనది, ఎవరు బిగించిరి అని పిల్లలు వ్రాయవలెను. పై తరగతికి పోవునప్పుడు ఆ పుస్తకమును క్రింది తరగతివారికి అప్పగించవలెను. త్రుప్పు పాఠము రసాయనశాస్త్రమున, రాతిపలక పాఠము భౌతికశాస్త్రమున, చేవ పాఠము జీవశాస్త్రమున, ఏడాది ఖర్చు లెక్కలలో, సామెత తెలుగులో వచ్చును. ఒక్క బల్లపై ఇన్ని పాఠములు కూర్చుండియున్నవి. ఊరి వడ్రంగిని ఒకపూట పిలిచి పిల్లల ముందు పలక బిగింపింపుడు. చేతిపనిచేయు మనుష్యుని పాఠశాలలో గురుస్థానమున నిలుచుట పిల్లలు చూచినచో, అదియు ఒక గొప్ప పాఠమే.

విద్యార్థులకు ఒక మాట. బల్లపై పేరు చెక్కుట మీ వయస్సు సరదా అని నేనెరుగుదును. నేనును చెక్కితిని. కాని చెక్కిన గాటులో నీరు నిలుచును. నీరు నిలిచినచోట కుళ్లు పుట్టును. మీ పేరు కొయ్యను తినుట మీకు ఇష్టమా? పేరు నిలుపుకొనవలెనన్నచో ఆ నోటుపుస్తకములో "ఈ మరను నేను బిగించితిని" అని వ్రాసికొనుడు.

బల్లకు చేవ కొయ్యలో కొంత ఉన్నది, ఎన్నికలో కొంత ఉన్నది. మిగిలినదంతయు "ఇది నాది" అనుకొను మనుష్యునిలో ఉన్నది. రచ్చబండ నిలిచినది ఆ బలముతోనే. మా పార్కులో వీపు పలక లేని మొదటి బల్లకు పలక తెచ్చుటకు నలుగురము కూడినాము, వడ్రంగితో మాటలాడినాము. ఆ లెక్కల మాస్టరుగారు మరల నడకకు వచ్చునో రాడో నేను చెప్పలేను. వచ్చిననాడు ఆయన కూర్చుండుటకు బల్ల సిద్ధముగా ఉండవలెను. అంతవరకు మన చేతిలోని పని.